నరసాపురం బస్సులో త్రీ నాట్ త్రీ

భీష్మ ఏకాదశి రోజు భీమవరం నుంచి నరసాపురం బస్సు ఎక్కిన వాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు, బస్సు ఇంకా ప్లాట్‌ఫాం మీదకి పూర్తిగా రాకుండానే కిటికీల్లోంచి తువ్వాళ్ళు, సంచులు, చివరికి పిల్లల్ని కూడా లోపలికి వేసేస్తారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి టికెట్ లేదు కాబట్టి ఇప్పుడు ఇంకా రద్దీ. నేనూ ఆధార్ చూపించి జీరో టికెట్టే తీసుకున్నాను, అది మంచి పనే, కాదనను, కానీ అంతర్వేది నరసింహస్వామి తీర్థం రోజైనా నాలుగు బస్సులు ఎక్కువ వేస్తే ముసలాళ్ళు ఒంటికాలి మీద నిలబడాల్సిన పని ఉండదు కదా. హైదరాబాద్ నుంచి వచ్చింది అసలు అమ్మ కంటి చెకప్ కోసం, ఆ హాస్పిటల్ గొడవలన్నీ వదిలేస్తున్నా, మధ్యలో ఒక రోజు ఖాళీ దొరికింది, అంతర్వేది వెళ్ళి చాలా ఏళ్ళయింది అని బయల్దేరిపోయాను. స్వామి దర్శనం గురించి రాయాలని అనుకోలేదు, బస్సులో పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన గురించే ఇదంతా.

నాకు సీటు దొరికింది ఆయన వల్లే. తెల్ల చొక్కా, కాన్వాసు బూట్లు, జుట్టు దగ్గరగా కత్తిరించి ఉంది, వీపు సీటుకి ఆనించకుండా నిటారుగా కూర్చున్నారు, ఒళ్ళో ఎనిమిదేళ్ళ మనవడు. "కూర్చోమ్మా, వీణ్ణి నేను ఎత్తుకుంటాను" అని జరిగారు. ఆ పిల్లాడి చేతిలో లైట్లు వెలిగే ప్లాస్టిక్ తుపాకీ ఒకటి ఉంది, బస్సు కదలగానే దాన్ని సరిగ్గా నా మొహం మీద పెట్టి టకటకా నొక్కాడు. పెద్దాయన వెంటనే చేత్తో దాన్ని కిందకి దించేశారు. "మనిషి మీద పెట్టకూడదని చెప్పానా లేదా? ఏమనుకోకమ్మా."

నేను అప్రయత్నంగా "మజిల్ ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి రా కన్నా" అన్నాను. మజిల్ అంటే తుపాకీ గొట్టం మూతి. ఎప్పుడో డిగ్రీలో నేర్పిన మాట, ఎక్కడ దాక్కుందో గానీ అలా వచ్చేసింది. ఆయన నా వైపు పూర్తిగా తిరిగారు.

"ఎన్‌సీసీయా తల్లీ?"

"అవునండీ."

"బి నా, సి నా?"

"సి సర్టిఫికెట్ అండీ."

ఆయన మొహం వెలిగిపోయింది. ఇక నరసాపురం దాకా మేం ఇద్దరం ఆపలేదు. ఆయనది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మన జిల్లాల వాళ్ళకి మిలటరీ మాధవరం అంటే చాలు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఆ ఊరి వాళ్ళు సైన్యంలో ఉన్నారు. గూడెం నుంచి వచ్చి భీమవరంలో బస్సు మారారట, మనవడికి తీర్థం చూపిద్దామని. హవల్దారుగా రిటైరయ్యారు. "మా ఊళ్ళో కుర్రాడు మిలటరీకి వెళ్తే అదేం కబురు కాదమ్మా, వెళ్ళకపోతేనే ఏవైందని అడుగుతారు" అన్నారు.

నేను అడిగాను, మీకు మొదటిసారి తుపాకీ ఎప్పుడు ఇచ్చారు అని. ఎందుకు అడిగానంటే నాకు నా మొదటి రోజు బాగా గుర్తుంది, దాని గురించి మాట్లాడదామంటే హైదరాబాద్‌లో నా చుట్టూ ఒక్కరూ దొరకరు.

"1969. పద్దెనిమిదేళ్ళు నాకు. మేటుపాళయంలో దిగి కొండ రైలెక్కి వెల్లింగ్టన్ వెళ్ళాం, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్. మనం గోదావరి వాళ్ళం, చలంటే సంక్రాంతి ముందు భోగిమంట దగ్గర తెలిసిందే, అక్కడ పొద్దున్నే నోట్లోంచి పొగ వచ్చేది. మొదట్లో తుపాకీ మొహమే చూపించలేదు. పరిగెత్తడం, గడ్డి పీకడం, బూట్లు పాలిష్ చెయ్యడం, మళ్ళీ పరిగెత్తడం. మేం అనుకునేవాళ్ళం, ఇంతదూరం వచ్చింది గడ్డి పీకడానికా అని. ఒకరోజు పొద్దున్న కోత్ ముందు లైన్లో నిలబెట్టారు."

కోత్ అంటే ఆయుధాలు భద్రపరిచే గది, ఎన్‌సీసీలో మేం కూడా అదే మాట అనేవాళ్ళం. ఆయన చెప్తుంటే ఆ ఇనప తలుపు, లోపల్నుంచి వచ్చే గన్ ఆయిల్ వాసన నాకు వచ్చేశాయి.

"త్రీ నాట్ త్రీ రైఫిల్. చైనా యుద్ధం దాకా మన వాళ్ళ చేతుల్లో ఉన్నది అదే, తర్వాత ఎస్ఎల్ఆర్ అనే కొత్త రైఫిల్ వచ్చింది గానీ ట్రైనింగులో మాకు ముందు ఇదే ఇచ్చారు. మాకు నేర్పే ఉస్తాద్ చేతిలోంచి అందుకోగానే చెయ్యి కిందకి జారిపోయింది, నాలుగు కేజీలు ఉంటుంది మరి. ఇనుము చల్లగా ఉంది, చెక్క మాత్రం ఎవరెవరో పట్టుకుని పట్టుకుని నున్నగా అయిపోయింది. నా కన్నా ముందు ఎంతమంది చేతులు మారిందో అనిపించింది. రిజిస్టర్‌లో నా పేరు రాసి, పక్కన బట్ నెంబర్, అదే భుజానికి ఆనించే వెనక చెక్క మీద నెంబరు, రాసి, సంతకం పెట్టమన్నారు. అప్పటిదాకా నా సంతకం ఎవరికి కావాలమ్మా? నూట పద్ధెనిమిది. పెన్షన్ బుక్కు నెంబరైతే చూసి చెప్పాలి, అది మాత్రం చూడక్కర్లేదు."

ఈలోగా వీరవాసరం వచ్చింది, ఓ ఇరవై మంది ఎక్కారు, ఒకావిడ గుమ్మడికాయ నా కాళ్ళ మీద పెట్టేసింది. ఆయన చెప్పడం ఆపలేదు. ఆ రోజు కాల్చనివ్వలేదట, తుడవమన్నారట. తర్వాత కూడా ఎన్నో రోజులు తుడవడమే. బట్ అడుగున చిన్న ఇత్తడి మూత ఉంటుంది, తెరిస్తే లోపల నూనె సీసా, పుల్‌త్రూ. పుల్‌త్రూ అంటే ఒక తాడు, ఒక కొసకి ఇత్తడి బరువు, రెండో కొసకి గుడ్డముక్క దూర్చే ముడి, ఆ గుడ్డని చిందీ అంటారు. బరువుని వెనక నుంచి గొట్టంలోకి జారవిడిచి ముందు నుంచి లాగాలి. ఆయన భుజం మీద తువ్వాలు తీసి, కొస మెలితిప్పి, ఎడమ చెయ్యి గుప్పిట పట్టి, అందులోంచి తువ్వాల్ని మెల్లగా, మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒకే ఊపున లాగి చూపించారు. "మధ్యలో ఆపకూడదు. ఆపితే మురికి అక్కడే ఉండిపోద్ది. తెల్ల గుడ్డ తెల్లగా బయటికి వచ్చిందాకా లాగాలి. నాది బాగుందనుకుని చూపిస్తే ఉస్తాద్ వెలుతురుకి పెట్టి ఒక కన్నుతో చూసి, ఫిర్ సే, అంటే మళ్ళీ, అనేవాడు." ముందు సీటు వాళ్ళు కూడా వెనక్కి తిరిగి ఆ తువ్వాలు వైపే చూస్తున్నారు. కండక్టర్ గారు టికెట్లు కొట్టడం ఆపి "కాల్చారా లేదా అది చెప్పండి మాస్టారూ" అన్నారు.

కాల్చారు. మొదటి గుండుకే భుజం మీద గేదె తన్నినట్టయిందట. బట్ భుజానికి గట్టిగా అదిమి పట్టుకోకపోతే అంతే మరి, సాయంత్రానికి నల్లగా కమిలిపోయింది. దానికంటే ఆయనకి ఎక్కువ గుర్తున్నది మొదటి సెలవు. ఇంటికి రాగానే వాళ్ళమ్మ పెట్టె తెరిచి, బట్టలన్నీ తీసి చూసి, "తుపాకీ ఏదిరా?" అని అడిగిందట. ఇచ్చారని ఉత్తరం రాశాడు కదా, తెస్తాడనుకుని వీధిలో అందరికీ చెప్పి పెట్టింది పాపం. "అది నాది కాదమ్మా, సర్కారుది, కోత్‌లో పెట్టి రావాలి అంటే, మరి నీ పేరు రాశారన్నావు కదరా అంది" అని చెప్తూ ఆయన కాసేపు కిటికీ బయటకి చూశారు.

నా వంతు వచ్చింది. డిగ్రీ రెండో ఏడు క్యాంపులో మమ్మల్ని లారీ ఎక్కించి ఫైరింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళారు. పాయింట్ ట్వంటీ టూ రైఫిల్, పాతిక గజాల దూరంలో టార్గెట్, ఇసక బస్తా మీద ఆనించి బోర్లా పడుకుని కాల్చాలి. త్రీ నాట్ త్రీ ముందు అది ఎంత, అసలు భుజానికి తెలియను కూడా తెలియదు. కానీ నాకు గుర్తున్నది కాల్చడం కాదు, ఆయనకి లాగానే రిజిస్టర్ దగ్గర నిలబడటం, నెంబరు చదివి నా పేరు పిలవడం, రెండు చేతులతో అందుకోవడం. మా ఇంట్లో అప్పటిదాకా నాకు స్కూటీ తాళం కూడా ఇచ్చేవాళ్ళు కాదు. ఎవరో యూనిఫాంలో ఉన్నాయన నన్ను నమ్మి ఒక రైఫిల్ చేతిలో పెట్టి "సంభాల్ కే" అన్నాడు, అంటే జాగ్రత్త అని, ఆ మాట మోసినంత బరువు ఆ రైఫిల్ లేదు. ఇంటికెళ్ళి చెప్తే నాన్న "ఎన్ని తగిలాయి?" అని, అమ్మ "అన్నం సరిగ్గా పెట్టారా?" అని అడిగారు.

"ఖోకాలు ఏరారా?" అన్నారు పెద్దాయన.

ఏరకుండా ఎలా! ఖోకా అంటే కాల్చాక పడే ఖాళీ తూటా తొడుగు. ఎన్ని గుళ్ళు ఇచ్చారో అన్ని ఖోకాలు లెక్క చెప్పాలి. మా బ్యాచ్‌లో ఒకటి తగ్గింది, పాయింట్ ట్వంటీ టూ ఖోకా వేలి కణుపంత కూడా ఉండదు, మిట్టమధ్యాహ్నం గడ్డిలో మోకాళ్ళ మీద పాకుతూ అమ్మాయిలందరం వెతికాం, దొరికేదాకా భోజనం లేదు. వాళ్ళకీ అదే జరిగిందట వెల్లింగ్టన్‌లో, చీకటి పడేదాకా వెతికితే చివరికి ఒక కుర్రాడి బెల్టు సందులో దొరికింది, స్క్వాడ్ మొత్తానికి రైఫిళ్ళు తల మీద ఎత్తి పట్టుకుని గ్రౌండ్ చుట్టూ రగడా, అంటే శిక్ష. "వాడు ఇప్పటికీ ఫోన్ చేస్తాడు నాకు, పాలక్కాడ్ వాడు" అన్నారు. పిల్లాడు ఇదంతా ఎన్నిసార్లు విన్నాడో ఏంటో, ఒక్కసారిగా ఒళ్ళోంచి లేచి "వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు!" అని అరిచాడు, బస్సంతా ఉలిక్కిపడింది. అది వాళ్ళ రెజిమెంట్ యుద్ధ నినాదం.

పాలకొల్లు దాటాక అడిగితే చెప్పారు, రిటైరయ్యాక లైసెన్స్ తీసుకుని డబుల్ బ్యారల్ కొనుక్కుని చాలా ఏళ్ళు ఒక బ్యాంకు గుమ్మం దగ్గర గార్డుగా చేశారట. ఎలక్షన్ కోడ్ వచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్లో డిపాజిట్ చెయ్యడం, అయ్యాక తెచ్చుకోవడం. డ్యూటీలో ఒక్కసారి కూడా పేల్చలేదు. సొంత డబ్బుతో కొన్న మొదటి తుపాకీ అదే కదండీ అంటే, "కొన్నది అదే. మొదటిది మాత్రం నూట పద్ధెనిమిది" అన్నారు.

నరసాపురంలో దిగాక ఆటోవాళ్ళ సంగతి చెప్పాలంటే ఇంకో పేజీ కావాలి, మామూలు రోజు ఇరవై తీసుకునే చోటికి మనిషికి యాభై, పిల్లాడికి కూడా. మాధవాయిపాలెం రేవులో పంటు కోసం, అదే జనాన్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవ కోసం, ఎండలో గంట నిలబడ్డాం. వారధి కడతాం కడతాం అని నా చిన్నప్పటి నుంచి వింటున్నాను, ఇంకా పంటే గతి. అయినా నిజం చెప్పాలంటే వశిష్ఠ గోదావరి మీద ఆ పంటు ప్రయాణం నాకు ఇష్టం, బైకులు, కార్లు, మేకలు, పూలబుట్టలు అన్నీ కలిసి సఖినేటిపల్లి ఒడ్డుకి చేరతాయి. అక్కడి నుంచి మళ్ళీ ఆటో, మళ్ళీ బేరం.

గుళ్ళో క్యూ, తోపులాట, క్షణం దర్శనం. రథం దూరం నుంచే చూశాను, 2020 సెప్టెంబరులో పాతది కాలిపోయాక చేయించింది ఇది, జనం తాడు ముట్టుకోడానికి ఎగబడుతున్నారు. బయటికి వచ్చి జీళ్ళు కొంటుంటే బెలూన్ షాపు దగ్గర మళ్ళీ తాతా మనవలు కనిపించారు.

పది గుళ్ళకి యాభై రూపాయలు అంటున్నాడు షాపతను. పిల్లాడు ప్లాస్టిక్ తుపాకీ తాత జేబులో కుక్కేసి ఎయిర్ గన్ కోసం చెయ్యి చాపాడు. పెద్దాయన ముందు తను తీసుకున్నారు. గొట్టం మడిచారు, లోపల గుండు లేదని చూశారు, ఎండ వైపు పెట్టి ఒక కన్నుతో గొట్టంలోంచి చూశారు, "ఎన్నాళ్ళైంది బాబూ ఇది తుడిచి?" అన్నారు. వెనక కాలేజీ కుర్రాళ్ళు తొందర పడుతున్నారు. "బెలూన్లే కదా తాతా, కానివ్వండి" అన్నాడు షాపతను. "ఎయిర్ గన్నే, లైసెన్స్ అక్కర్లేదు, కానీ కన్ను పోతే కన్ను రాదు కదా నాయనా" అన్నారు ఆయన, గొంతు పెంచకుండానే.

నాకు ఆ మాట చాలా నచ్చింది. మా అక్క కొడుకు ఫోన్ గేముల్లో గన్నుల పేర్లన్నీ గడగడా చెప్తాడు, దేనికి ఎన్ని బుల్లెట్లో కూడా చెప్తాడు, ఒక్కదాని బరువు తెలియదు. తీర్థాల్లో ఈ షాపుల దగ్గర చూడండి, డబ్బులు తీసుకుని పిల్లల చేతిలో పెట్టేస్తారు, వాడు ఎటు తిప్పుతున్నాడో ఎవరూ చూడరు, పక్కనే జనం నడుస్తుంటారు. మొదటిసారి చేతిలో పెట్టేటప్పుడు పక్కన ఒక మనిషి నిలబడి చెప్పాలి, ఎవరు పెట్టినా సరే, ఏ తుపాకీ అయినా సరే.

ఆయన చెప్పారు. ఒక మోకాలి మీద కూర్చుని, బట్ పిల్లాడి భుజానికి ఆనించి, చెంప చెక్కకి తగిలేలా సర్ది, "వేలు ఇప్పుడే లోపల పెట్టకు, బయట ఉంచు. ముందు గురి. ఊపిరి సగం వదిలి ఆపు. ఇప్పుడు వేలు. లాగకు, నెమ్మదిగా నొక్కు." మొదటి రెండు గుళ్ళూ బోర్డు చెక్కకి తగిలాయి. మూడోదానికి ఎర్ర బెలూన్ పగిలింది. పిల్లాడు గంతులేస్తాడనుకున్నాను, వాడు గన్ను కిందకి దించి నేల మీద చూడటం మొదలుపెట్టాడు.

"తాతా, ఖోకా ఏది?"

"దీనికి ఖోకా ఉండదు రా, ఇది గాలితో పేలేది."

"మరి లెక్క?"

పెద్దాయన నా వైపు చూసి నవ్వి, "కాల్చినవి ఎన్నో, మిగిలినవి ఎన్నో చెప్పు, అదే లెక్క" అన్నారు. వాడు షాపతని గిన్నెలో వేలు పెట్టి ఒక్కో గుండూ పక్కకి జరుపుతూ గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వెనక కుర్రాళ్ళు ఒక్కొక్కరే వేరే షాపుకి వెళ్ళిపోతుంటే షాపతను తల పట్టుకుని, "ఏడున్నాయి బాబూ, ఏడే, నేను చెప్తున్నా కదా, ముందు కాల్చు!" అంటున్నాడు.