బ్రేకు నొక్కిన ప్రతిసారీ పెట్రోలు పారబోసినట్టే

కారు కొనేటప్పుడు మైలేజీ ఎంతిస్తుందని పది మందిని అడుగుతాం. కొన్నాక మాత్రం బంకులో వెయ్యి రూపాయలకు కొట్టించుకుని వచ్చేస్తాం, ఆ వెయ్యికి ఎన్ని కిలోమీటర్లు తిరిగామో లెక్క చూసుకోం. 2025లో వరంగల్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయలకు అటూ ఇటూగా ఉండేది, తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం ఉండేది, ధర, పన్ను ఈ రెండూ మన చేతిలో లేవు. మన కుడికాలు మాత్రం మనదే. ఇంధనం ఆదా అనగానే మనవాళ్లంతా మైలేజీ పెరుగుతుందని ట్యాంకులో పోసే మందు సీసాల గురించి, ఏ కంపెనీ బంకు మంచిదన్న దాని గురించి మాట్లాడతారు తప్ప బ్రేకు గురించి ఎవరూ మాట్లాడరు. అందుకే ఇది రాస్తున్నా.

పెట్రోలు కాల్చి ఇంజిన్ బండికి వేగం తెస్తుంది. బ్రేకు నొక్కగానే ఆ వేగమంతా బ్రేకు ప్యాడ్ల దగ్గర వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది, మళ్లీ ఆ వేగం కావాలంటే మళ్లీ పెట్రోలు కాల్చాల్సిందే. సాయంత్రం పూట కాజీపేట నుంచి హన్మకొండ చౌరస్తా దాకా ఒకసారి గమనించండి. నిట్ దాటాక రోడ్డు కొంచెం ఖాళీ కనిపిస్తే చాలు, యాక్సిలరేటర్ తొక్కి ఉరికించి, సుబేదారిలోనో అదాలత్ దగ్గరో సడెన్‌గా బ్రేకు వేసే బండ్లే ఎక్కువ. వెనక నిదానంగా వచ్చిన కారు కూడా అదే సిగ్నల్ దగ్గర వాళ్ల పక్కనే వచ్చి ఆగుతుంది. ఇద్దరికీ పట్టిన టైం ఒకటే, కాలిన పెట్రోలు ఒకటి కాదు.

చేయాల్సింది ఏంటంటే చూపు ముందు బండి బంపర్ మీద కాకుండా దాని అవతల రెండు మూడు బండ్ల దాకా పోవాలి. అక్కడ బ్రేకు లైట్లు వెలిగాయంటే ఇక్కడ మన కాలు యాక్సిలరేటర్ మీది నుంచి లేచిపోవాలి, అంతే, బ్రేకు అవసరం చాలాసార్లు పడనే పడదు. పరకాల రోడ్డులో, ములుగు రోడ్డులో ఊరూరికీ స్పీడ్ బ్రేకర్ ఉంటుంది, కోతల టైంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, ఎదురుగా ట్రాక్టర్ వస్తుంటుంది. ఇవేవీ హఠాత్తుగా ఊడిపడేవి కావు, దూరం నుంచే కనిపిస్తాయి. అయినా చివరి ఇరవై మీటర్ల దాకా తొక్కుకుంటూ పోయి అప్పుడు బ్రేకు వేస్తాం. ఈ ఒక్క అలవాటు మానుకుంటే టౌన్‌లో మైలేజీ మీద కనిపించే తేడా ఇంకే పనితోనూ రాదు, బ్రేకు ప్యాడ్లు ఎక్కువ కాలం రావడం అదనం.

కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి దిగేటప్పుడు న్యూట్రల్ చేసి జారిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, పెట్రోలు మిగులుతుందని గట్టిగా నమ్ముతారు. కార్బొరేటర్ బండ్ల రోజుల్లో అందులో కొంత నిజం ఉండేది. ఇప్పటి కార్లన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి, అంటే ఇంజెక్టర్లనే సన్నటి గొట్టాలతో ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటరే చూసుకుంటుంది. గేర్‌లో ఉండగా కాలు తీసేస్తే దిగుడులో చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి, ఆ సంగతి బండిలోని కంప్యూటర్‌కి తెలుస్తుంది, ఇంజెక్టర్లు మూసుకుంటాయి, ఆ కాసేపు పెట్రోలు దాదాపు చుక్క కూడా పడదు. న్యూట్రల్ చేశారనుకోండి, ఇంజిన్ ఆగిపోకుండా తిరగాలి కాబట్టి పెట్రోలు పడుతూనే ఉంటుంది. అంటే ఆదా అనుకుని చేసే పనే ఖర్చు. పైగా ఇంజిన్ బ్రేకింగ్, అంటే గేర్‌లో ఉన్న ఇంజిన్ బండిని వెనక్కి పట్టి ఉంచడం, పోతుంది. ఇంకొందరు ఏకంగా తాళం తిప్పి ఇంజిన్ ఆపేస్తారు, అది ప్రాణాల మీదికి తెచ్చే పని, రెండు మూడు నొక్కులకే బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగ్ కూడా లాక్ పడొచ్చు. దయచేసి అది మాత్రం చేయకండి.

హైదరాబాద్ వెళ్లే రోడ్డు సంగతి వేరు, అక్కడ శత్రువు గాలి. వేగం పెరిగిన కొద్దీ గాలి అడ్డు మామూలుగా పెరగదు, వర్గం లెక్కన పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లు. 80లో పోయే బండి 100లో పోతే గాలి అడ్డు 56 శాతం ఎక్కువ. మడికొండ దాటి ఘన్‌పూర్, జనగామ, ఆలేరు మీదుగా పోయే దారిలో ఖాళీ రోడ్డు 120 కిలోమీటర్లు దొరికిందనుకుందాం. 80లో గంటన్నర, 100లో గంటా పన్నెండు నిమిషాలు. మిగిలింది పద్దెనిమిది నిమిషాలు, అది ఉప్పల్ ట్రాఫిక్‌లోకి చేరేసరికి ఎటుపోతుందో అందరికీ తెలుసు. పీసీఆర్ఏ, అంటే ఇంధన పొదుపు కోసం కేంద్రం 1978లో పెట్టిన సంస్థ, ఎప్పటి నుంచో 45 నుంచి 55 మధ్య నడపమని చెప్తోంది. నాలుగు లేన్ల హైవే మీద 50లో పోవడం కుదరదు, వెనకాల లారీవాడు ఊరుకోడు. 75, 80 మాత్రం అందరికీ సాధ్యమే. ఎక్కువ గేర్, నిలకడగా ఒకే వేగం, మాటిమాటికీ ఓవర్‌టేక్ చేయకుండా ఉండటం.

బండి బాగోగుల విషయానికొస్తే, మొన్న మా తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, మైలేజీ బాగా పడిపోయింది, సర్వీసింగ్ చేయించినా అంతే" అన్నాడు. కరీంనగర్ నుంచి వచ్చి ఇంటి ముందు ఆపగానే నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి వెనకవైపు పెట్టి చూడమన్నా, రిమ్‌కు తగలకుండా, కాస్త దూరంలో. మూడు చక్రాలు మామూలు వెచ్చగా ఉన్నాయి, ముందు ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టలేకపోయాడు. కాశిబుగ్గలో మెకానిక్ చక్రం విప్పితే బ్రేకు కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే భాగం) పిన్ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది, ప్యాడ్ డిస్క్‌ని వదలడం లేదు. "బ్రేకు వేసుకునే కరీంనగర్ పోయొస్తున్నవ్ తమ్మీ" అన్నాడు మెకానిక్. పిన్‌లు శుభ్రం చేసి గ్రీజు పెట్టి, అరిగిన ప్యాడ్లు మార్చాడు. చదునైన చోట బండి న్యూట్రల్‌లో పెట్టి ఒక్క మనిషి తోస్తే సులువుగా కదలాలి, కదలకపోతే ఎక్కడో పట్టేస్తోందని అర్థం. దీనికి ఏ మిషనూ అక్కర్లేదు, ఎవరైనా చూసుకోవచ్చు.

టైర్లలో గాలి గురించి అందరూ చెప్తారు, మైలేజీ వరకు చూస్తే లాభం మరీ పెద్దదేం కాదు. నాలుగు టైర్లలోనూ ఒక్కో పీఎస్ఐ (బంకులో గాలి కొలిచే లెక్క) తగ్గితే మైలేజీ 0.2 శాతం దాకా పడుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. కాకపోతే మనవాళ్లు నెలల తరబడి చూడరు, పది పీఎస్ఐ తగ్గే దాకా తెలియదు. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ తీస్తే లోపల స్టిక్కర్ మీద ఉంటుంది, బండి చల్లగా ఉన్నప్పుడు పొద్దున్నే దగ్గర్లోని బంకులో కొట్టించుకోవాలి. ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి: మే నెలలో మన ఎండలకు టైరు పేలుతుందని భయపడి కావాలని గాలి తగ్గించేవాళ్లు చాలామంది ఉన్నారు. అది పూర్తిగా తిరగేసిన లెక్క. గాలి తక్కువ ఉన్న టైరు పక్క గోడలు ఎక్కువ నలిగి ఎక్కువ వేడెక్కుతాయి, పేలేది అవే.

ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందని సర్వీస్ సెంటర్లలో చెప్తుంటారు. ఇంజెక్షన్ పెట్రోలు కార్లలో ఫిల్టర్ మురికైతే ముందు పడిపోయేది పికప్పే, మైలేజీలో తేడా చాలా తక్కువ. అయినా దుమ్ము రోడ్ల మీద తిరిగేవాళ్లు ఇంజిన్ కోసమైనా టైంకు మార్చుకోవాలి. ఇంజిన్ ఆయిల్ మాత్రం చూసుకోండి. మాన్యువల్‌లో పలుచటి 0డబ్ల్యూ-20 ఆయిల్ అని రాసి ఉన్న బండిలో చిక్కటి 20డబ్ల్యూ-40 పోయిస్తే ఆ చిక్కదనాన్ని తిప్పడానికి కూడా పెట్రోలే ఖర్చవుతుంది.

ఏసీ విషయంలో మన వరంగల్ ఎండల్లో ఎవరికీ నీతులు చెప్పలేం, 44 డిగ్రీల్లో అద్దాలు దించుకుని పొమ్మంటే ఎట్లా? ఎండలో నిలబడ్డ బండిలో ఎక్కగానే మాత్రం ఏసీ వేయకండి, నాలుగు అద్దాలూ దించి కొంచెం దూరం నడిపితే లోపలి వేడిగాలి దానంతటదే పోతుంది, ఆ తర్వాత ఏసీకి పని తగ్గుతుంది. రైల్వే గేటు పడ్డప్పుడు, స్కూల్ ముందు పిల్లల కోసం ఎదురు చూసేటప్పుడు ఇంజిన్ ఆపండి, అర నిమిషం దాటుతుందని తెలిస్తే చాలు. చిన్న పెట్రోలు కారైనా ఏసీతో ఊరికే నిలబడితే గంటకు లీటరు దాకా తాగుతుంది.

ఇవన్నీ చేస్తే ఎంత మిగులుతుంది? లీటరు 107 లెక్కన, నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుంటే ఖర్చు దగ్గర దగ్గర 7,100 రూపాయలు. అదే 17.5కి వస్తే వెయ్యి రూపాయలు మిగులుతాయి, ఏడాదికి పన్నెండు వేలు, ఇన్సూరెన్స్ కట్టుకోవచ్చు. పెరిగిందో లేదో డాష్‌బోర్డ్ మీది అంకె చూసి నమ్మకండి. ట్యాంకు నిండా కొట్టించి, నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగగానే చాలనండి, ట్రిప్ మీటర్ సున్నా చేయండి. సగం పైన అయిపోయాక అదే బంకులో, వీలైతే అదే మిషన్ దగ్గర మళ్లీ అట్లాగే నింపించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే మీ మైలేజీ.

లెక్క చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 2025 నాటికి మన బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌లో శక్తి మూడో వంతు తక్కువ. దాని కోసం తయారుకాని పాత కార్లలో మామూలు పెట్రోలుతో పోలిస్తే 6, 7 శాతం దాకా మైలేజీ తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ రోడ్‌మ్యాప్‌లోనే రాశారు. కాబట్టి ఐదారేళ్ల కింది అంకెతో పోల్చుకుని బండి పాడైందని టెన్షన్ పడకండి, పోయిన నెలతో పోల్చుకోండి. బంకులో కొలత మీద అనుమానం ఉంటే ఐదు లీటర్ల కొలత పాత్రలో పోసి చూపించమని అడగొచ్చు, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఆ పాత్ర ప్రతి బంకులో ఉండాలి. తెల్లవారుజామున కొట్టిస్తే ఎక్కువ వస్తుందన్న మాట మాత్రం వదిలేయండి, ట్యాంకు భూమి లోపల ఉంటుంది, అక్కడ పొద్దుటికీ మధ్యాహ్నానికీ వేడిలో పెద్ద తేడా ఉండదు.

కారు పైన సామాను క్యారియర్ ఉన్నవాళ్లు, మేడారం జాతరకనో పెళ్లికనో బిగించి అట్లాగే వదిలేసినవాళ్లు, ఈ ఆదివారం విప్పేయండి. ఖాళీగా ఉన్నా అది గాలికి అడ్డమే. పని పడ్డప్పుడు మళ్లీ బిగించుకోవచ్చు, బోల్టులు మాత్రం ఒక కవర్‌లో వేసి డిక్కీలో పెట్టుకోండి.