కదలని కారుకు వచ్చిన ఉత్తరం

ఫిబ్రవరి చివరి సోమవారం ఉదయం ఏడు కావస్తుండగా, ఇంగ్లండ్‌లో డెర్బీలోని మా వీధిలో నిలబడి కారు అద్దం మీద గడ్డకట్టిన మంచును గీకుతున్నాను. ముందు రోజు సాయంత్రమే గుంటూరు నుంచి తిరిగి వచ్చాను. ఆరు వారాలు నాన్న మంచం పక్కనే గడిపి, ఆయన చేతికర్ర పట్టుకుని వరండా దాకా నడవగలుగుతున్నారని కళ్ళారా చూసుకున్నాకే విమానం ఎక్కాను. వెళ్ళేటప్పుడు ఇంటి తాళంచెవి పక్కింటి పెద్దాయనకు ఇచ్చి, తలుపు వెనక పడే ఉత్తరాలు తీసి పెట్టమనీ, కిటికీలోని తులసి కుండీకి నీళ్ళు పోయమనీ కోరాను. ఆ ఉదయం ఆయన ఇంట్లో వేసుకునే చెప్పులతోనే ఆ మంచులోకి నడిచి వచ్చి, చేతిలోని ఉత్తరాల కట్టలోంచి ఒక కవరు విడిగా తీసి నాకు అందించారు. "నిన్ననే ఇవ్వవలసింది, మీరు అలసిపోయి ఉంటారని ఆగాను. తక్కినవి తీరికగా చూసుకోండి. ఇది మాత్రం కారు కదిలించకముందే చదవండి" అన్నారు.

ఆ మాట నాకు మొదట రుచించలేదు. నేను ఇళ్ళకు వెళ్ళి పుండ్లకు కట్లు మార్చే, ఇన్సులిన్ ఇచ్చే నర్సును. ఆ రోజు నా పట్టికలో తొమ్మిది ఇళ్ళున్నాయి. వాటిలో మొదటి రెండూ డెర్బీ దాటి ఆష్‌బోర్న్ వైపున్న పల్లెల్లో ఉన్నాయి. నేను వెళ్ళి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఏమీ తినకుండా ఎదురుచూసే ముసలివాళ్ళు అక్కడ ఉన్నారు. మూడేళ్ళుగా నా సొంత సంగతులేవీ అడగని మనిషి, సరిగ్గా నేను తొందరలో ఉన్న పూట నా ఉత్తరాల గురించి ఎందుకు పట్టించుకుంటున్నారని మనసులో విసుక్కుంటూనే కవరు చించాను.

ఉత్తరంలో ఉన్నది ఇంతే. ఫలానా నంబరు గల కారుకు ఇన్సూరెన్స్ ఉన్నట్టు మా రికార్డులలో కనబడటం లేదు. ఆ బండి మీ పేరున నమోదై ఉంది కాబట్టి, ఈ తేదీలోగా ఇన్సూరెన్స్ తీసుకోవాలి, లేదా బండి రోడ్డు మీద లేదని ప్రకటించాలి. ఇప్పటికే ఇన్సూరెన్స్ ఉంటే మీ కంపెనీని సంప్రదించండి. గడువుకు ఇంకా నాలుగు రోజులు మిగిలి ఉన్నాయి. గీకుడు పలక చేతిలో పట్టుకుని, ఆ పేజీని అక్కడే నిలబడి మూడుసార్లు చదివాను.

ఈ ఉత్తరాలు ఎలా పుడతాయో ఇక్కడ బండి నడిపే మనవాళ్ళలో చాలామందికి, అవి వచ్చేదాకా తెలియదు. నాకూ తెలియదు. ఈ దేశంలోని ప్రతి బండీ స్వాన్సీలో ఉన్న డీవీఎల్‌ఏ అనే ప్రభుత్వ కార్యాలయం జాబితాలో ఉంటుంది. ప్రతి పాలసీ వివరమూ మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో నడిపే డేటాబేస్‌లో ఉంటుంది. 2011 నుంచి ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి పోలుస్తున్నారు. ఒకదానిలో ఉండి రెండోదానిలో లేని బండి యజమానికి ఉత్తరం వెళుతుంది. పలకకపోతే 100 పౌండ్ల జరిమానా వేస్తారు. అప్పటికీ కదలకపోతే చక్రానికి తాళం వేయవచ్చు, బండిని తీసుకుపోవచ్చు, కోర్టుకు లాగితే జరిమానా 1,000 పౌండ్ల దాకా పోవచ్చు.

ఇది ఊరికే నిలబడి ఉన్న బండి సంగతి. అదే బండిని నేను ఆ ఉదయం నడిపి ఉంటే, కథ వేరుగా ఉండేది. ఇన్సూరెన్స్ లేని బండి నడుపుతూ పట్టుబడితే 300 పౌండ్ల జరిమానాతో పాటు లైసెన్సు మీద తప్పుకు గుర్తుగా వేసే పాయింట్లు 6 పడతాయి. ఇక్కడి పోలీసు బండ్లలోని కెమెరాలు నంబరు ప్లేటును చదివి, ఆ క్షణంలోనే డేటాబేస్‌తో సరిచూస్తాయి. మన లైసెన్సు మీద ఇక్కడ 12 నెలలే నడపవచ్చు కాబట్టి నేను మళ్ళీ పరీక్ష రాసి, నడిపి చూపించి, ఇక్కడి లైసెన్సు సంపాదించుకుని అప్పటికి పద్నాలుగు నెలలయింది. లైసెన్సు వచ్చిన మొదటి రెండేళ్ళలో 6 పాయింట్లు పడితే ఆ లైసెన్సే రద్దవుతుంది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. కారు లేని నాడు నా ఉద్యోగం లేదు. ఉద్యోగం లేని నాడు వీసా నిలవదు. మావారూ పాపా ఈ దేశానికి రావడానికి పెట్టుకున్న కాగితాలు ఆ ఉద్యోగాన్ని నమ్ముకునే అప్పట్లో కదులుతున్నాయి. చెప్పులతో మంచులోకి వచ్చిన ఆ పెద్దమనిషి నాకు ఏం చేశారో అప్పటికి ఆయనకూ పూర్తిగా తెలియదు.

ఇన్సూరెన్స్ ఎలా పోయిందో చెబితే నా నిర్లక్ష్యం కొంత, నా దురదృష్టం కొంత బయటపడతాయి. నా పాలసీ ఏటేటా దానంతటదే పునరుద్ధరణ అయ్యే రకం. వాళ్ళ దగ్గరున్న నా బ్యాంకు కార్డు గడువు డిసెంబరులో ముగిసి కొత్త కార్డు వచ్చింది. ఆ నంబరు వాళ్ళకు ఇవ్వాలన్న సంగతి నాకు తట్టలేదు. జనవరిలో డబ్బు తీసుకోబోతే కుదరలేదని వాళ్ళు ఈమెయిల్ పంపారు, తరువాత మెసేజ్ పంపారు. ఆ రోజుల్లో నేను గుంటూరులో ఆసుపత్రి వరండాలో ఉన్నాను. ఇక్కడి సిమ్ తీసి అక్కడి సిమ్ వేసుకున్నాను. ఈమెయిల్ వచ్చిన రోజు నాన్నకు ఆపరేషన్ జరిగింది. కంపెనీ తప్పేమీ లేదు, వాళ్ళు చెప్పవలసిన పద్ధతిలో చెప్పారు.

ఏడున్నరకు మా టీమ్ లీడర్‌కు ఫోన్ చేసి, ఈ పూట కారు తీయలేనని చెప్పాను. ఆమె గొంతు పెంచలేదు. నా ఇద్దరు పేషెంట్లను ఎవరికి అప్పగించాలో ముందు చూసి, తరువాత తిరిగి ఫోన్ చేసి ఒక్క మాట అన్నారు. "ఆ కారు మీ సొంతమే కావచ్చు, కానీ అందులో మీరు వెళ్ళేది మన పేషెంట్ల కోసం. ఆ తేదీ మీకు తెలిసి ఉండవలసింది." ఆమె అన్నది న్యాయం. మాలాంటి వాళ్ళకు మామూలు ఇన్సూరెన్స్ సరిపోదు, ఆఫీసుకు వెళ్ళి రావడానికి వర్తించే పాలసీ కూడా సరిపోదు, పని మీద ఇంటింటికీ తిరగడానికి బిజినెస్ యూజ్ అని ప్రత్యేకంగా రాయించుకోవాలి, దాని నకలు ఏటా మా సంస్థకు చూపించాలి. ఇవన్నీ తెలిసిన మనిషినే. అయినా ఆ మాట నన్ను రోజంతా గుచ్చింది.

ఎందుకు గుచ్చిందో వెతుక్కుంటే, లోపల ఒక మొండి ప్రశ్న దొరికింది. నేను బండి నడపలేదు కదా. ఆరు వారాలు అది వీధి పక్కన కదలకుండా నిలబడింది. కదలని బండి ఎవరిని గుద్దుతుంది? మన మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. ఇక్కడి రోడ్ ట్రాఫిక్ చట్టం కూడా 1988 నాటిదే. మన చట్టంలోని 146వ సెక్షన్ ఇన్సూరెన్స్ లేని బండిని బహిరంగ స్థలంలో వాడకూడదంటుంది. ఇక్కడి చట్టంలోకి తరువాత చేర్చిన 144ఏ సెక్షన్ అటువంటి బండిని పేరు మీద ఉంచుకోవడాన్నే నేరం చేసింది. వాడటానికీ ఉంచుకోవడానికీ మధ్య ఉన్న ఆ ఒక్క మాట తేడాలోనే నేను దోషినయ్యాను.

బండి వాడనివాళ్ళకు సోర్న్ అనే ప్రకటన ఉంది, దాన్ని ఇచ్చుకుంటే ఇన్సూరెన్స్ అక్కర్లేదు, మిగిలిన నెలల రోడ్డు పన్ను కూడా తిరిగి ఇస్తారు అని ఇక్కడివాళ్ళు చెబుతారు. నిజమే. కానీ ఆ ప్రకటన ఇచ్చిన బండి రోడ్డు మీద ఉండకూడదు. సొంత ఇంటి ముందు జాగాలోనో, గ్యారేజీలోనో ఉండాలి. మా వీధిలోని ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనుకుని ఉన్న ఎర్రటి ఇటుకల ఇళ్ళు, తలుపు తీస్తే కాలిబాటే. అద్దెకున్న నాలాంటి మనిషికి బండి పెట్టుకునే జాగా వీధి ఒక్కటే. అంటే ఇంటి ముందు జాగా ఉన్నవాళ్ళకున్న ఆ వెసులుబాటు మాకు లేదు. ఈ మాట నేను అప్పుడు కోపంతో అనుకున్నాను, ఇప్పుడు కోపం లేకుండా కూడా అంటున్నాను.

అప్పుడే మా ఊరి ఏజెంటు గారు గుర్తుకొచ్చారు. గుంటూరులో మా స్కూటరుకూ తరువాత కొన్న చిన్న కారుకూ ఆయనే ఇన్సూరెన్స్ చేయించేవారు. గడువుకు పది రోజుల ముందు సాయంత్రం పూట వచ్చి, "అమ్మాయ్, బండి కాగితం అయిపోతోందమ్మా" అని గుమ్మంలోంచే కేకవేసేవారు. టీ తాగి, నాన్న ఆరోగ్యం అడిగి, డబ్బులు లేకపోతే తనే కట్టి, మరుసటి నెలలో తీసుకుని వెళ్ళేవారు. మా వీధిలో ఎవరి బండి ఎప్పుడు కొన్నదో ఆయనకు కంఠతా వచ్చు. అంతటి మనిషి ఇక్కడ ఒక్కరుంటే నాకు ఈ గతి పట్టేది కాదనీ, అన్నీ మిషన్లకు అప్పగించి మనిషిని మనిషి పలకరించడం మానేసిన దేశమనీ, చాయ్ కాచుకుంటూ పైకే అనేసుకున్నాను. ఆ ఉదయమే ఒక మనిషి చలిలోకి వచ్చి నన్ను పలకరించాడన్న సంగతి ఆ మాట నోటినుంచి వచ్చాక గాని గుర్తు రాలేదు.

మధ్యాహ్నానికల్లా ఫోన్ మీద కొత్త పాలసీ తీసుకున్నాను. పాత దానికంటే ఎక్కువే అయింది. తరువాత ఏమీ తోచక ఆ ఉత్తరం వెనకాల ఉన్న మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో గురించి చదువుతూ కూర్చున్నాను. ఇన్సూరెన్స్ లేని బండ్ల వల్లా, గుద్ది పారిపోయిన బండ్ల వల్లా దెబ్బతిన్నవాళ్ళకు నష్టపరిహారం ఇచ్చేందుకు 1946లో పెట్టిన సంస్థ అది. ఆ డబ్బు ఇన్సూరెన్స్ కంపెనీలు ఇస్తాయి, అంటే చివరికి ప్రీమియం కట్టే ప్రతి మనిషీ ఇస్తాడు. ఈ ఒక్క వాక్యం దగ్గర నా వాదన ఆగిపోయింది.

మా చిన్న మేనమామ 1998 మార్చిలో చనిపోయాడు. మిర్చి సీజను, యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తోలుకుపోతున్న ట్రాక్టరు నరసరావుపేట రోడ్డులో వెనకనుంచి ఆయన సైకిలును గుద్దింది. ట్రాక్టరుకు ఇన్సూరెన్స్ లేదు. ట్రిబ్యునల్ కేసు ఆరేళ్ళు నడిచింది, అత్తయ్యకు అనుకూలంగానే తీర్పు వచ్చింది. కానీ డబ్బు ఇవ్వవలసింది ట్రాక్టరు యజమాని. ఆయన పక్క ఊరి రైతు, రెండెకరాల మనిషి, పంట పోయి అప్పటికే అప్పుల్లో ఉన్నాడు. పొలం జప్తు చేయిద్దామని వకీలు అంటే, "వాళ్ళ పిల్లలు కూడా రోడ్డున పడతారు, నాకొద్దు" అంది అత్తయ్య. ఆ తీర్పు కాగితం ఇప్పటికీ ఆమె ట్రంకుపెట్టె అడుగున ఉంది. ఆ రైతు చెడ్డవాడు కాదు. పోయినేడాది కట్టాడు, ఆ ఏడాది వాయిదా వేశాడు, అంతే. 2019 సవరణ తరువాత మన దగ్గర కూడా ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా వేస్తున్నారు. కానీ నడిపి పట్టుబడితేనే కదా వేసేది. వాయిదా వేసిన ఆ రైతు ఇంటికి, ట్రాక్టరు షెడ్డులో ఉన్న రోజుల్లోనే, ఇదిగో ఈ తేదీ దాటిపోయిందయ్యా అని ఒక ఉత్తరం వెళ్ళి ఉంటే ఎలా ఉండేదా అని ఆ మధ్యాహ్నమంతా ఆలోచించాను.

సాయంత్రం ఊరి నుంచి తెచ్చిన అరిసెలు ఒక డబ్బాలో పెట్టుకుని పక్కింటికి వెళ్ళాను. కవరు చూసే మీకెలా తెలిసిందని అడిగాను. ఆయన కాసేపు అరిసె వైపే చూస్తూ ఉండిపోయి, నాలుగేళ్ళ కిందట తమ ఇంటికీ అటువంటి ఉత్తరమే వచ్చిందని చెప్పారు. కారు ఆయన భార్య పేరున ఉండేది, ఇన్సూరెన్స్ కూడా ఆమె పేరునే ఉండేది. ఆమె పోయి అప్పటికి నెల కూడా కాలేదు. ఆమె పేరు మీద వచ్చిన కవరు తెరవడానికి ఆయనకు చేతులు రాలేదట. తరువాత జరిమానా నోటీసు కూడా ఆమె పేరు మీదే వచ్చిందట. "ఇతరుల ఉత్తరాల సంగతి నాకెందుకని రెండు రోజులు ఆలోచించాను. క్షమించండి" అన్నారు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. మా వైపు పెద్దవాళ్ళు క్షమించమని అంటే వినకూడదని మాత్రం చెప్పగలిగాను.

వంటింట్లో గుంటూరు నుంచి తెచ్చుకున్న తెలుగు క్యాలెండరు ఉంది. జనవరి కాగితం వెనక్కి తిప్పి నా పాత గడువును చూశాను. సంక్రాంతి దాటిన మూడో రోజు. కొత్త గడువు వచ్చే ఏటి కాగితంలో పడుతుంది కాబట్టి, డిసెంబరు కాగితం అడుగున ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. తరువాత మళ్ళీ పక్కింటి తలుపు తట్టి, మీ కారు గడువు ఎప్పుడని అడిగాను. ఆయన అద్దాలు పెట్టుకుని, సొరుగులో వెతికి, తేదీ చెప్పారు. అది అక్టోబరు కాగితంలో, దసరా సెలవుల పక్క గడిలో రాశాను. పది రోజుల ముందు ఆ గుమ్మంలో నిలబడి గుర్తు చేయాలి.