మధ్యాహ్నం పేపర్‌లో చేతులు వణికితే: రియాక్టివ్ హైపోగ్లైసీమియాతో ప్రిపరేషన్

పొద్దున పేపర్ బాగానే సాగుతుంది. మధ్యాహ్నం పేపర్ సగంలో చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, చదివిన ప్రశ్నే మళ్లీ మళ్లీ చదవాల్సి వస్తుంది. అందరూ ఎగ్జామ్ టెన్షన్ అంటారు. టెన్షన్ కావచ్చు కూడా. కానీ ప్రతిసారీ తిన్న రెండు నుంచి నాలుగు గంటల్లోనే వస్తుంటే రియాక్టివ్ హైపోగ్లైసీమియాని అనుమానించాలి. అన్నం, తీపి ఎక్కువగా పడినప్పుడు గ్లూకోజు గబగబా పెరుగుతుంది, దానికి తగ్గట్టు ఇన్సులిన్ అవసరానికి మించి వస్తుంది, ఆ తర్వాత గ్లూకోజు కిందికి జారిపోతుంది. ఇది షుగర్ జబ్బు లేనివాళ్లకీ వస్తుంది.

ఇప్పుడు టైమ్‌టేబుల్ చూడండి. యూపీఎస్సీ ప్రిలిమ్స్‌లో జీఎస్ (జనరల్ స్టడీస్) 11:30కి అయిపోతుంది, సీశాట్ (ఆప్టిట్యూడ్ పేపర్) 2:30 నుంచి 4:30 వరకు. 12కి కడుపునిండా తింటే గ్లూకోజు జారే వేళ మొత్తం పేపర్ మీదే పడుతుంది. 2024 డిసెంబరు తెలంగాణ గ్రూప్-2లోనూ అంతే: పొద్దున పేపర్ 12:30కి ముగిసింది, రెండోది 3 నుంచి 5:30 వరకు. సిలబస్‌కి ప్లాన్ వేసినట్టే భోజనానికీ వేయాలి.

ముందు నిర్ధారణ. పరగడుపు షుగర్ నార్మల్ వచ్చిందని ఊరుకోవద్దు, ఆ పరీక్షలో ఇది దొరకదు. లక్షణాలు ఉన్నప్పుడే తీసిన రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 55 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, గ్లూకోజు పెరగగానే లక్షణాలు తగ్గాలి. డాక్టర్లు మామూలు భోజనం పెట్టి 5 గంటల దాకా రక్తం తీసి చూస్తారు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ల పరీక్షని దీనికి నమ్మకూడదు, ఏ జబ్బూ లేనివాళ్లకీ అందులో తక్కువ రావచ్చు. ల్యాబ్‌లో బూడిదరంగు మూత ట్యూబ్‌లో, అంటే ఫ్లోరైడ్ ఉన్నదాంట్లో తీస్తున్నారో లేదో గమనించండి. ఫ్లోరైడ్ లేని ట్యూబ్‌లో రక్తం అలాగే ఉండిపోతే రక్తకణాలే గ్లూకోజుని వాడేసుకుని లేని హైపోని (గ్లూకోజు పడిపోవడాన్ని) చూపిస్తాయి. ఇంటి గ్లూకోమీటర్ 100 లోపు రీడింగుల్లో 15 అటూ ఇటూ చూపించినా ప్రమాణాల ప్రకారం సరైనదే. 62 చూపితే అసలు 50 కావచ్చు, 75 కావచ్చు. అరటిపండు ఒలిచిన వేలితో చూస్తే ఇంకా ఎక్కువ చూపిస్తుంది, సబ్బుతో కడుక్కుని ఆరాకే గుచ్చండి. తెల్లవారుజామున, తినకముందు హైపో వస్తున్నా, స్పృహ తప్పుతున్నా అది ఈ కోవలోది కాదు. ఎగ్జామ్ అయ్యాక చూద్దామనుకోకుండా ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి వెళ్లండి.

ఇక తిండి. మెస్ ప్లేటే అసలు సమస్య. ఒక కప్పు అన్నం, అంటే 150 గ్రాములు, సుమారు 40 నుంచి 45 గ్రాముల పిండిపదార్థం. మెస్‌లో మూడు కప్పులు తెలియకుండానే లోపలికి పోతాయి. పెరుగన్నం పేరుతో రెండో విడత అన్నం కూడా పడుతుంది చూశారా, అదీ లెక్కలోకి వస్తుంది. కప్పు, కప్పున్నర దగ్గర ఆపండి. ముందు కూర, పప్పు, గుడ్డు తిని ఆ తర్వాత అన్నం కలుపుకుంటే గ్లూకోజు నెమ్మదిగా పెరుగుతుంది. పెరుగు గిన్నెలో వేసుకుని విడిగా తినండి. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవండి, కూర్చుని కరెంట్ అఫైర్స్ వినే బదులు నడుస్తూ వినండి.

టిఫిన్‌కి నాలుగు ఇడ్లీలు, పంచదార టీ కాకుండా రెండు ఇడ్లీలు, రెండు ఉడికించిన గుడ్లు. లేదా పెసరట్టు, అదీ ఉప్మా లేకుండా. రాగి జావ మంచిదని అందరూ చెబుతారు. కానీ పల్చటి జావ కడుపులో నిలవదు, మెత్తటి పిండి త్వరగా అరిగిపోతుంది. దానితో పాటు పల్లీలో గుడ్డో ఉండాల్సిందే. మూడు గంటలకోసారి గుప్పెడు వేయించిన శనగలు తినండి. ఖాళీ కడుపుతో టీ మీద టీ తాగితే ఆ దడ హైపోదో కెఫీన్‌దో తేల్చుకోలేరు.

సీశాట్ రోజున భోజనాన్ని రెండుగా విడగొట్టండి: 12కి సగం, గేటు మూసేలోపు 1:40 ప్రాంతంలో మిగతా సగం. మాక్ టెస్టులు కూడా అదే వేళకి, అదే తిండితో రాయాలి. కొత్త తిండి పరీక్ష రోజున మొదలెట్టకూడదు.

హాల్లో లక్షణాలు మొదలైతే 15 గ్రాముల గ్లూకోజు: నీళ్లలో మూడు టీస్పూన్ల పొడి, లేదా 4 గ్రాముల టాబ్లెట్లు నాలుగు. చాక్లెట్ వద్దు, కొవ్వు వల్ల ఆలస్యంగా పనిచేస్తుంది. భయపడి అర ప్యాకెట్ పోసుకుంటే మళ్లీ పైకి పోయి మళ్లీ పడుతుంది. పదిహేను నిమిషాలు ఆగి, తగ్గకపోతే మరో డోసు. ఆ వ్యవధిలో ఓఎంఆర్ (జవాబుల గడులు నింపే షీటు) ముట్టుకోవద్దు, ఒక గడి జరిగితే కింద ఉన్నవన్నీ తప్పులే, యూపీఎస్సీలో తప్పుకి మూడో వంతు మార్కులు పోతాయి. ప్రశ్నలు చదువుతూ ఉండండి చాలు. డాక్టరు అకార్బోజ్ (పిండిపదార్థాలు, పంచదార అరగడాన్ని నెమ్మదిగా చేసే మందు) రాసి ఉంటే పంచదార పనిచేయడానికి ఆలస్యమవుతుంది, గ్లూకోజే ఉంచుకోండి.

హాల్లోకి తీసుకెళ్లాలంటే అనుమతి కావాలి. జేఈఈ మెయిన్ బులెటిన్‌లో షుగర్ ఉన్నవాళ్లకి షుగర్ టాబ్లెట్లు, అరటి, యాపిల్ లాంటి పండ్లు, పారదర్శకమైన నీళ్ల సీసా అనుమతిస్తూ చాక్లెట్, శాండ్‌విచ్ లాంటి ప్యాక్ చేసినవి వద్దన్నారు. మనది షుగర్ జబ్బు కాదు కాబట్టి గేటు దగ్గర ఆ మాట చెల్లకపోవచ్చు. జబ్బు పేరు, ‘పరీక్ష మధ్యలో గ్లూకోజు అవసరం’ అన్న వాక్యం, రిజిస్ట్రేషన్ నంబరుతో డాక్టరు ముద్ర ఉన్న లెటర్ తీసుకుని హాల్ టికెట్ రాగానే కమిషన్‌కి రాయండి. వచ్చిన జవాబు ప్రింటు రెండు కాపీలు దగ్గరుంచుకోండి: ఒకటి గేటు దగ్గర, ఒకటి ఇన్విజిలేటర్‌కి.