కిండర్ స్కౌట్ దిగాక ఒక పైంట్ బీరు

ఇంగ్లండ్‌లో నడకకి వెళ్తే నాకు కొండ ఎంత ఇష్టమో, దిగాక ఊళ్ళో ఉండే పబ్బు కూడా అంతే ఇష్టం. మొన్న శనివారం పీక్ డిస్ట్రిక్ట్‌లో ఈడేల్ నుంచి కిండర్ స్కౌట్ ఎక్కాం, ఎత్తు 636 మీటర్లే గానీ పైన ఆ గాలి, ఆ నల్లటి బురద, అబ్బో, షూస్ సాక్సులు అన్నీ తడిసి ముద్దయ్యాయి. 1932లో యువ కార్మికులు ఈ కొండ మీద నడిచే హక్కు మాకూ ఉందని గుంపుగా ఎక్కారు, కొందరైతే జైలుకి కూడా వెళ్ళారు, ఇవాళ మనం హాయిగా తిరుగుతున్నామంటే వాళ్ళ పుణ్యమే.

దిగగానే ఓల్డ్ నాగ్స్ హెడ్ అనే పబ్బు, 268 మైళ్ళ పెన్నైన్ వే అనే నడకదారి మొదలయ్యేది అక్కడే. బురద బూట్లతోనే రమ్మన్నారు, పక్క బల్ల కింద ఎవరిదో తడిసిన కుక్క గుర్రుపెట్టి నిద్రపోతోంది. బిటర్ (కాస్త చేదుగా ఉండే ఇంగ్లిష్ బీరు) అడిగితే కౌంటర్‌లో ఉన్నావిడ బీరు పంపు పిడిని నెమ్మదిగా లాగి గ్లాసు అంచు దాకా నింపింది, తేనె రంగు, పైన పల్చటి నురగ. ఇది కాస్క్ ఏల్, అంటే పీపాలోనే ఇంకా పులుస్తూ ఉండే బీరు, బయట నుంచి గ్యాస్ ఎక్కించరు, 12 డిగ్రీల చల్లదనం చాలు కాబట్టి నాలుక మొద్దుబారదు, రుచి మొత్తం తెలుస్తది. మన చెట్టు కల్లులాగే ప్రాణమున్న సరుకు, పీపా తెరిచాక మూడు రోజుల్లో అయిపోవాలి, అందుకే జనం వచ్చే పబ్బులోనే బాగుంటది.

మాంచెస్టర్, షెఫీల్డ్ రెండు వైపుల నుంచీ ఈడేల్‌కి రైలుంది, కారు తీయకండి, తాగి డ్రైవింగ్ గొడవే ఉండదు.