సముద్రపు పైనీళ్లలో బూజు జాతి

శిలీంధ్రం అనగానే తడిగోడ మీద బూజు, వానకి మొలిచే పుట్టగొడుగు గుర్తొస్తాయి. నాకూ అంతే, నడిసముద్రపు పైనీళ్లలో కూడా ఇవి ఉంటాయని చదివేదాకా. వెచ్చటి నీళ్ల దగ్గర్నుంచి ఆర్కిటిక్ మంచు కింద దాకా ఎక్కడ తోడినా వీటి జాడ దొరుకుతోంది, పైగా చాలావరకు కంటికి ఆనని ఈస్ట్‌లు, ఏకకణ జీవులు.

తారా అనే తెరచాప ఓడ 2009 నుంచి 2013 దాకా సముద్రాలు తిరిగి నీళ్లు తోడి వడగట్టి, ఆ వడపోతలో మిగిలిన డీఎన్‌ఏ చదివించింది. ఇలాంటి సర్వేల్లో ఎక్కువగా కనిపించేవి ఆస్కోమైకోటా, బాసిడియోమైకోటా అనే రెండు పెద్ద శిలీంధ్ర వర్గాలు. మన తలలో చుండ్రుకి కారణమైన మలసీజియా అనే ఈస్ట్ కూడా సముద్రంలో బయటపడింది!

అయితే ఒక్క మాట. డీఎన్‌ఏ దొరికిందంటే ఆ జీవి అక్కడే బతుకుతోందని కాదు. గాలికి కొట్టుకొచ్చిన నేల మీది బీజాలు, నదులు మోసుకొచ్చినవి కూడా ఆ లెక్కలో పడిపోతాయి, తీరం దగ్గర మరీను. డీఎన్‌ఏలో ఏ ముక్క చదువుతామన్నదాన్ని బట్టి కూడా జాబితా మారిపోతుంది. అందుకే ఏ శిలీంధ్రం ఎక్కడుందో చూపించే రంగుల మ్యాప్ చూసి వెంటనే నమ్మేయకూడదని నా అభిప్రాయం.

నాకు బాగా నచ్చినవి కైట్రిడ్‌లు అనే సూక్ష్మ శిలీంధ్రాలు. వీటి బీజానికి ఒకే తోక, దాంతో ఈదుకుంటూ వెళ్లి డయాటమ్ అనే సూక్ష్మ నాచుకి అతుక్కుని, లోపలి సారమంతా పీల్చి, మళ్లీ బోలెడు బీజాల్ని వదులుతుంది. పెద్ద డయాటమ్‌లని నీళ్లలో తేలాడే చిన్న జంతువులు (జంతు ప్లాంక్టన్) మింగలేవు, కానీ కొవ్వు నిండిన ఈ బీజాల్ని హాయిగా తినేస్తాయి. అంటే ఎవరికీ అందని తిండిని కైట్రిడ్ అందుబాటులోకి తెస్తోందన్నమాట. దీన్ని మైకోలూప్ అంటారు, మొదట బయటపడింది మంచినీటి సరస్సుల జీవుల్లో. ఆర్కిటిక్‌లోనూ డయాటమ్‌లకి పట్టిన కైట్రిడ్‌లని చూశారు.

నాచు విరగబడి పెరిగినప్పుడు ఇవీ పెరుగుతాయి, అది పోతే ఇవీ తగ్గిపోతాయి. ఓడ ఒక్కసారి వచ్చి వెళ్లిపోతే నాచు పెరిగే ఆ కొద్ది వారాలూ తప్పిపోవచ్చు. ఇంగ్లండ్‌లో ప్లిమత్ దగ్గర ఎల్4 అనే చోట ఏళ్ల తరబడి అవే నీళ్లు తోడి ఈ శిలీంధ్రాలని గమనించారు. అలాంటి చోట్లు ఉష్ణమండల సముద్రాల్లో కూడా ఇంకా కావాలి.