మే 3: మావాడి చార్టు

మావాడు పుట్టింది మే 3న, డబ్లిన్ రొటుండా ఆసుపత్రిలో. ఐదో క్లాసులో వాళ్ల టీచర్ ఒక ప్రాజెక్టు ఇచ్చింది. ఎవరు పుట్టిన తేదీన ఐర్లండ్ చరిత్రలో ఏం జరిగిందో వాళ్లు చార్టు మీద రాసుకు రావాలి. పక్కింటి పాపకి చెప్పుకోదగ్గదేమీ దొరక్క మొహం ముడుచుకుంది. మావాడికి మాత్రం ఒక్క చార్టు చాల్లేదు.

1916 ఈస్టర్ సోమవారం నాడు డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు లేచింది. ఆరు రోజుల్లో అణిచేశారు. మే 3 తెల్లవారుజామున కిల్‌మైన్‌హమ్ జైలు ఆవరణలో మొదటి ముగ్గురిని కాల్చి చంపారు: పాట్రిక్ పియర్స్, టామ్ క్లార్క్, థామస్ మెక్‌డొనా. పియర్స్ సొంతంగా బడి నడిపేవాడు. క్లార్క్‌ది సిగరెట్లు, పేపర్లు అమ్మే కొట్టు. మెక్‌డొనా కవి, కాలేజీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పేవాడు. లొంగిపోయిన తిరుగుబాటుదారుల్లో చాలామందిని ఏప్రిల్ 29 రాత్రి రొటుండా దగ్గరి గడ్డి మీదే, ఆరుబయట ఉంచారు. క్లార్క్ కూడా వాళ్లలో ఒకడు. "అమ్మా, నేను పుట్టిన చోటే!" అని మావాడు ఎగిరి గంతేశాడు. ఆ రాత్రి వాళ్లు చలికి వణికారన్న సంగతి వాడికి తర్వాత తట్టింది.

అదే మే 3 అర్ధరాత్రి కావస్తుండగా అదే జైలు చాపెల్‌లో ఒక పెళ్లి జరిగింది. పెళ్లికూతురు గ్రేస్ గిఫర్డ్, చిత్రకారిణి. పెళ్లికొడుకు జోసెఫ్ ప్లంకెట్ కూడా ఆ తిరుగుబాటు నాయకుల్లో ఒకడే. అతన్ని కొన్ని గంటల్లో, మే 4 తెల్లవారుజామున కాల్చేశారు. గ్రేస్ అక్క మ్యూరియెల్, ఆ పొద్దున కాల్చేసిన మెక్‌డొనాకి భార్య. అంటే ఒకే ఇంట్లో పొద్దున ఒకామె విధవ అయితే రాత్రికి ఇంకొకామె పెళ్లికూతురైంది. మ్యూరియెల్‌కి అప్పటికి ఇద్దరు చిన్నపిల్లలు, డొనా, బార్బరా. మరుసటేడు జూలైలో ఆమె స్కెర్రీస్ దగ్గర సముద్రంలో ఈతకి దిగి చనిపోయింది. ఎండ కాసిన ఆదివారం మేం పులిహోర డబ్బాలు కట్టుకుని వెళ్లేది ఆ స్కెర్రీస్‌కే. మావాడు చార్టు పక్కన పెట్టి, "మరి ఆ పిల్లల్ని ఎవరు పెంచారు?" అని అడిగాడు. చుట్టాలే పెంచి ఉంటారు నాన్నా అన్నాను. ఎవరు, ఏ ఊళ్లో, బడికి ఎక్కడికి వెళ్లారు అని ఆ రాత్రి పడుకునేదాకా వదల్లేదు.

మా ఆయనకి ఇదంతా పరాయి కథలాగే ఉండింది, వి.వి. గిరి పేరు తగిలేదాకా. మన మాజీ రాష్ట్రపతి 1913లో లా చదవడానికి డబ్లిన్ వచ్చారు. ఇక్కడి యూనివర్సిటీ కాలేజీలో ఆయనకి ఇంగ్లిష్ పాఠాలు చెప్పినవాళ్లలో ఈ మెక్‌డొనా ఒకరు. తిరుగుబాటు తర్వాత జూలై 1 లోపు దేశం వదిలిపోవాలని గిరిగారికి నోటీసిచ్చారు. ఇంకేముంది, మా ఆయన మావాడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, చార్టు నడిమధ్యలో గిరిగారి ఫొటో అతికించాల్సిందేనన్నారు. మావాడు ఒప్పుకోలేదు. "నాన్నా, ఆయన మే 3న ఏం చెయ్యలేదు కదా?" చివరికి కింద మూలన రెండు లైన్లకి రాజీ కుదిరింది.

నాకు నవ్వొచ్చింది గానీ, మా ప్రవాసుల తంతంతా ఇంతే. ఈ దేశపు చరిత్రలోకి దిగాలంటే మాకు మనవాడొకడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి. పిల్లలకి ఆ అవసరం లేదు. వాడు పుట్టుకతో ఐరిష్ పౌరుడు. అప్పటికి మేం జీఎన్ఐబీ కార్డు, అంటే ఇక్కడ ఉండటానికి విదేశీయులకిచ్చే కార్డు, రెన్యువల్ కోసం తెల్లారకముందే బర్గ్ కీలోని ఇమిగ్రేషన్ ఆఫీసు దగ్గర లైన్లో నిలబడేవాళ్లం. ఒకే ఇంట్లో ఉన్నా వాడూ మేమూ ఈ ఊళ్లోకి వేరువేరు గుమ్మాల్లోంచి వచ్చినవాళ్లం.

మే 3న ఇంకోటి కూడా ఉంది. 1921లో అదే తేదీన ఐర్లండ్ రెండుగా విడిపోయింది. ఉత్తరాన ఆరు కౌంటీలు బ్రిటన్ కిందే ఉండిపోయాయి. మావాడు వెంటనే, "ఆంధ్రా, తెలంగాణాలాగానా?" అన్నాడు. ఖమ్మం నాన్న, నర్సీపట్నం అమ్మ ఉన్న ఇల్లు కాబట్టి ఆ ప్రశ్న రాక తప్పదు. ఇది దేశాల మధ్య గీసిన గీత, మనది ఒకే దేశంలో రాష్ట్రాల సంగతి అని వాళ్ల నాన్న చెప్పారు. నేనైతే సరిహద్దు దాటి ఉత్తరాన ఉన్న న్యూరీ ఊరికి వెళ్లే దారి గుర్తు చేశాను. అక్కడ గేటుండదు, పోలీసుండదు. స్పీడు బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్లకి మారతాయి, పోస్టు డబ్బాలు ఆకుపచ్చవి పోయి ఎర్రవి వస్తాయి. అయినా ఇండియన్ పాస్‌పోర్టు మీద ఉన్నన్నాళ్లూ యూకే వీసా లేకుండా మేం ఆ గీత దాటకూడదు. అడిగేవాడు లేకపోయినా టెన్షన్ మాత్రం ఉండేది.

చార్టు పూర్తయ్యాక వీడియో కాల్‌లో మా అమ్మకి చూపించాడు. తెల్లవారుజామున కాల్చేశారన్న మాట వినగానే మా అమ్మ, "మన అల్లూరినీ అంతే కదరా, చెట్టుకి కట్టి కాల్చేశారు" అంది. ఎవరాయన, ఏ తేదీ అని వీడి ప్రశ్నలు మొదలయ్యాయి. 1924 మే 7 అని నేను చెప్పాను. సమాధి కృష్ణదేవిపేటలో, మా ఊరికి దగ్గర్లోనే ఉందంటే ఈ వేసవిలో చూడాల్సిందేనన్నాడు. కిల్‌మైన్‌హమ్ జైలు ఇప్పుడు మ్యూజియం, టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో బుక్ చెయ్యకపోతే దొరకవు. వీడికి ఆ అలవాటే.

"అమ్మమ్మా, టికెట్లు ఎప్పుడు బుక్ చెయ్యాలి?"

"టికెట్టేటిరా నాన్నా! మామయ్య బండి మీద తీసుకెళ్తాడు, రా."