మిస్సోరీ ఒడ్డున జింకల కాపలా

అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని లూయిస్‌టౌన్‌లో ఆ మోటెల్ గదికి రాత్రికి 190 డాలర్లని మా అల్లుడు చెప్పినప్పుడు, అంత డబ్బు పోసి చూడవలసిన వింత ఈ గడ్డినేలలో ఏముందని నేను గట్టిగానే విసుక్కున్నాను. అది సెప్టెంబరు మూడో వారం. మొదటి రోజు డెన్వర్‌లో బయలుదేరి రాత్రికి బిల్లింగ్స్ చేరాము. ఆ రోజు గురించి నాకు నడుము నొప్పి తప్ప మరేమీ గుర్తు లేదు. రెండో రోజు మధ్యాహ్నం లూయిస్‌టౌన్‌లో దిగేసరికి మోటెల్ ముందు పెద్ద పెద్ద పికప్ ట్రక్కులు బారులు తీరి ఉన్నాయి. వాటిలోంచి ఆకు మచ్చల దుస్తులు వేసుకున్న మనుషులు విల్లంబుల పెట్టెలు మోసుకుంటూ దిగుతున్నారు. మోంటానాలో సెప్టెంబరు విల్లు వేటకు అనుమతించిన కాలమట. గది ధర ఆ వేటగాళ్ళ పుణ్యమేనని అప్పుడు అర్థమైంది. ఊళ్ళో మాంసం లేని భోజనం ఏదైనా దొరుకుతుందా అని వెతికితే వెన్న రాసి కాల్చిన రొట్టెల మధ్య చీజ్ పెట్టి 14 డాలర్లు తీసుకున్నారు. మా అమ్మాయి ముందుచూపుతో డబ్బా నిండా పులిహోర కలిపి తేకపోతే ఈ యాత్ర కథ అక్కడే ముగిసేది.

మేము వెళ్ళింది ఎల్క్‌లను చూడటానికి. ఎల్క్ అంటే మన కణుజుకు పెద్దన్న అనుకోవచ్చు. బాగా ఎదిగిన మగది మూడు వందల కిలోలు దాటుతుంది, దాని కొమ్ములు ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. రెండేళ్ళ కిందట ఎల్లోస్టోన్ వెళ్ళినప్పుడు మామత్ హాట్ స్ప్రింగ్స్‌లో ఆఫీసుల ముందున్న పచ్చిక మీద అవి మన ఊరి ఆవుల్లా పడుకుని ఉండగా చూశాను కాబట్టి, అది కొండల జంతువని నాకొక నమ్మకం ఏర్పడింది. చెట్టూ చేమా లేని మైదానంలో దాన్ని చూడటమేమిటని నేను అంటే, మా అల్లుడు నవ్వి, అది మొదట ఈ గడ్డిలోనూ తిరిగిన జంతువేననీ, ఇక్కడ చంపేశారు కాబట్టి కొండల్లో మిగిలిందనీ, మనం దానిని అక్కడ చూసి అదే దాని ఇల్లనుకుంటున్నామనీ చెప్పాడు. ఆ మాట నాకు సూటిగా తగిలింది. మాది నందికొట్కూరు వైపు, రోళ్ళపాడుకు దగ్గరలో ఒక పల్లె. కృష్ణజింకను జంతు ప్రదర్శనశాలలో చూసినవాళ్ళు అది అడవి జంతువని అనుకుంటారు. మా నాన్నగారిని అడిగితే మాత్రం అది కొర్రచేలో పుట్టి జొన్నచేలో పెరిగే జంతువని చెప్పేవారు.

బిల్లింగ్స్ నుంచి లూయిస్‌టౌన్ వచ్చే దారిలో, రౌండప్ దాటాక, ముళ్ళతీగ కంచెల పక్కన ప్రాంగ్‌హార్న్‌ల గుంపులు కనబడ్డాయి. రంగూ నిలబడే తీరూ చూసి ఒక్క క్షణం నేను జింకలేనని పొరబడ్డాను. అమెరికా ఖండంలో దానికంటే వేగంగా పరుగెత్తే జంతువు లేదట, గంటకు 55 మైళ్ళ దాకా పోతుందట. అంత పరుగు ఉండి కూడా మూడు నాలుగు అడుగుల కంచెను దూకడానికి అది జంకుతుంది, తల వంచి అడుగు తీగ కింద నుంచి దూరుతుంది. అందుకని కొన్ని చోట్ల అడుగు తీగను ముళ్ళు లేనిదిగా మార్చి, నేలకు ఒకటిన్నర అడుగుల ఎత్తున కడుతున్నారు. మా జింక అయితే కంచె కనబడగానే ఎగిరి అవతల పడుతుంది. మా నాన్నగారు కంప నరికి చేను చుట్టూ ఎంత ఎత్తు వేసినా అది వాటికి ఆట వస్తువే అయ్యేది.

లూయిస్‌టౌన్ నుంచి 191వ నంబరు రోడ్డు మీద ఉత్తరానికి పోతే, రాయ్ అనే చిన్న ఊరు దాటాక సుమారు అరగంటకు మిస్సోరీ నది మీద ఫ్రెడ్ రాబిన్సన్ వంతెన వస్తుంది. ఆ వైపు పల్లెల్లో కంచెలకు పెద్ద పెద్ద బ్యానర్లు కట్టి ఉంటాయి. కౌబాయ్‌ని కాపాడండి, అమెరికన్ ప్రెయిరీని ఆపండి అని వాటి సారాంశం. అమెరికన్ ప్రెయిరీ అనేది 2001లో పుట్టిన ఒక సంస్థ. అమ్మకానికి వచ్చిన పశువుల క్షేత్రాలను కొని, వాటి మధ్యనున్న ప్రభుత్వ భూములతో కలిపి, ఒకప్పటి గడ్డినేలను అన్ని జంతువులతోనూ తిరిగి నిలబెట్టాలని దాని ఆశయం. 2005లో దక్షిణ డకోటాలోని విండ్ కేవ్ జాతీయ ఉద్యానం నుంచి 16 బైసన్‌లను, అంటే అమెరికా అడవిదున్నలను, తెచ్చి అది మొదలుపెట్టింది. ఆ విండ్ కేవ్ బైసన్‌ల పూర్వీకుల్లో ఎక్కువ భాగం 1913లో న్యూయార్క్ జంతు ప్రదర్శనశాల నుంచి రైలులో వచ్చిన 14 జంతువులని తెలిసినప్పుడు నాకు నవ్వు వచ్చింది. లక్షలాదిగా తిరిగిన నేలకు అవి మహానగరం బోనులోంచి టికెట్టు కొనుక్కుని వచ్చినట్టయింది. అయితే ఆ సంస్థ బైసన్‌లు చట్టం లెక్కలో పశువులే, అడవి జంతువులు కావు. అదే గడ్డిని మేసే ఎల్క్ అడవి జంతువు, ప్రజల ఆస్తి. ఒకదానికి యజమాని ఉన్నాడు, కంచె ఉంది. రెండోదానికి రెండూ లేవు. ఈ ప్రాంతపు తగవు సగం ఈ తేడాలోనే ఉందని సాయంత్రానికి నాకు తెలిసింది.

వంతెన దాటగానే కుడి చేతి వైపు కంకర రోడ్డులో కొన్ని మైళ్ళు పోతే స్లిపరీ ఆన్ అనే చోటు వస్తుంది. సిప్రియన్ అనే పేరు జనం నోట్లో నలిగి నలిగి స్లిపరీ ఆన్‌గా, అంటే జారుడు ఆన్‌గా మారిందని ఒక కథ చెబుతారు. ఇది చార్లెస్ ఎం. రసెల్ వన్యప్రాణుల ఆశ్రయంలో భాగం. సుమారు 11 లక్షల ఎకరాలు. మా రోళ్ళపాడు అభయారణ్యం దాదాపు 1,500 ఎకరాలు. పోల్చడం అనవసరమే అయినా కర్నూలు వాడిని కాబట్టి పోల్చకుండా ఉండలేకపోయాను. మిస్సోరీ మీద ఫోర్ట్ పెక్ ఆనకట్ట కడుతున్న రోజుల్లో, 1936లో, ఆ జలాశయం చుట్టూ దీనిని ఏర్పాటు చేశారు. అంటే మాకు శ్రీశైలం నీళ్ళు ఎలాగో వీళ్ళకు అది అలాగ, నది పల్లపు నేలలను మింగి ఒడ్డున కొంత విడిచిపెట్టింది. తరువాత దీనికి కౌబాయ్‌ల బొమ్మలు వేసిన చిత్రకారుడి పేరు పెట్టారు. కౌబాయ్‌ని కాపాడమనే బ్యానర్లు దాటి కౌబాయ్ చిత్రకారుడి పేరున్న జంతువుల ఆశ్రయానికి వెళ్ళడం ఎవరికీ విడ్డూరంగా అనిపించినట్టు లేదు.

1805 మే నెలలో, పడమటి సముద్రానికి దారి వెతుకుతూ బయలుదేరిన లూయిస్, క్లార్క్ బృందం ఈ నదిలోనే పడవలను తాళ్ళతో లాక్కుంటూ పైకి పోయింది. ఎటు చూసినా ఎల్క్‌లూ బైసన్‌లూ కనబడుతున్నాయని వాళ్ళు దినచర్యల్లో రాసుకున్నారు. ఎనభై ఏళ్ళు తిరిగేసరికి తోళ్ళ కోసం, మాంసం కోసం సాగిన వేటలో అంతా తుడిచిపెట్టుకుపోయింది. మిస్సోరీ ఒడ్డుకు 1951లో ఎల్లోస్టోన్ నుంచి ఎల్క్‌లను తెచ్చి వదిలారు. ఇప్పుడు సెప్టెంబరులో ఈ ఒక్క పల్లంలోనే వందల సంఖ్యలో చేరుతాయి.

మేము చేరేసరికి పొద్దు వాలడానికి రెండు గంటల సమయం ఉంది. రోడ్డు పక్కన అప్పటికే పది పన్నెండు కార్లు నిలిచి ఉన్నాయి. ఈ చోట వేట నిషిద్ధం, కార్ల దగ్గర నుంచే చూడాలి. నది వైపు కాటన్‌వుడ్ చెట్లు పసుపు రంగుకు తిరుగుతున్నాయి. మా పక్క ట్రక్కు వెనుక ఎనభైకి దగ్గరలో ఉన్న ఒక ముసలాయన మడత కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మీద కంబళి కప్పుకుని, ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి ఎక్కడివారని అడిగాడు. నేను హైస్కూలులో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణే అయినా ఆయన యాస నాకు సగమే అందింది. మిగతా సగం మా అమ్మాయి తెలుగులో అందిస్తూ వచ్చింది.

మొదటి అరుపు వినబడినప్పుడు నేను దాన్ని ఎల్క్ అరుపని అనుకోలేదు. మూడు వందల కిలోల జంతువు నుంచి పులి గర్జన వంటిదేదో వస్తుందని ఎదురుచూస్తున్న నాకు, చెట్ల లోపల నుంచి సన్నగా మొదలై పైకి పైకి పోయి చివర కీచుమని తెగిపోయిన ఒక ఈల వినబడింది. ఎవరో పిల్లవాడు వేణువు ఊదడం రాక ఊదుతున్నాడనిపించింది. దానికి జవాబుగా నది అవతలి నుంచి ఇంకొకటి, తరువాత మా వెనుక నుంచి మరొకటి లేచాయి. కాసేపటికి ఆడవి ఒక్కొక్కటే చెట్ల నీడ విడిచి గడ్డిలోకి వచ్చాయి. నేను ఇరవై మూడు లెక్కపెట్టాను. వాటి వెనుక మగది వచ్చింది. దాని మెడ బురదతో నల్లగా ఉంది, కొమ్ములకు గడ్డి పోచలు వేలాడుతున్నాయి. అది తల ఎత్తితే కొమ్ములు వీపు మీదకు ఆనుతున్నాయి, నోరు తెరిస్తే చల్లగాలిలో ఆవిరి కనబడుతోంది, ఆవిరి కనబడిన తరువాత ఈల మా దాకా వస్తోంది. అంచున ఇంకొక కుర్ర మగది తచ్చాడుతుంటే పెద్దది పరుగున పోయి తరిమేది, ఈలోగా రెండు ఆడవి ఇటు జారుకునేవి, అది మళ్ళీ పరుగెత్తుకుంటూ వచ్చి వాటిని మళ్ళించేది. గంటన్నర సేపు అది ఒక్క పోచైనా నమలడం నేను చూడలేదు. సంసారం ఎంత కష్టమో చూడమని మా అమ్మాయి అల్లుడి వైపు చూసి నవ్వింది.

ముసలాయన మాత్రం నవ్వలేదు. ఆ ఆడవాటిలో కొన్ని జనవరిలో తన గడ్డివాముల దగ్గరకు వస్తాయని చెప్పాడు. ఆయనది ఇక్కడికి దక్షిణాన ఎక్కడో తాత కాలం నుంచి వస్తున్న పశువుల క్షేత్రం. తన తండ్రి చిన్నతనంలో ఈ ఒడ్డున ఒక్క ఎల్క్ కూడా లేదట. ఇప్పుడు మంచు పడ్డాక ఒక రాత్రిలో ఎనభై దాకా దిగి, చలికాలం ఆవులకని చుట్టలు చుట్టి పెట్టుకున్న గడ్డిని తిన్నంత తిని, తొక్కినంత తొక్కి పోతాయట. ప్రభుత్వం నష్టానికి డబ్బు ఇవ్వదు. వాముల చుట్టూ ఎత్తు కంచె వేసుకోవడానికి సామాను ఇస్తుంది, అదీ వేటగాళ్ళను తన నేలలోకి రానిచ్చే రైతుకే. మరి వేటగాళ్ళను రానిస్తారా అని నేను అడిగితే, రానిస్తాను గాని వాళ్ళు వచ్చిన రోజున ఎల్క్ ఒక్కటీ రాదన్నాడు.

వేటగాళ్ళ వల్ల గది ధర పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదని మోటెల్ దగ్గర నేను వేసుకున్న లెక్క కూడా ఆయన తప్పని తేల్చాడు. తుపాకుల మీదా తూటాల మీదా వేసే పన్నును జంతువుల పునరుద్ధరణకే ఖర్చు పెట్టాలని 1937లో చట్టం వచ్చిందనీ, ఈ దేశంలో అడవి జంతువులు తిరిగి రావడానికి అయిన ఖర్చులో పెద్ద వాటా ఆ పన్నుదీ వేట లైసెన్సులదీననీ చెప్పాడు. చంపడానికి ఇష్టపడేవాళ్ళు పెంచడానికి డబ్బు కట్టడమనే ఈ లెక్క మా అమ్మాయికి బొత్తిగా నచ్చలేదు. నాకు నచ్చిందని చెప్పను గాని, అర్థమైంది. మా వైపు 1988లో బట్టమేకపిట్ట కోసం అభయారణ్యం పెట్టినప్పుడు చుట్టుపక్కల రైతును ఎవరూ ఏమీ అడగలేదు. పిట్ట కోసం కాపాడిన గడ్డిలో జింకలు వందల్లో పెరిగాయి. పిట్ట ఇప్పుడు కంటికి కనబడదు. జింకలు చేలో కనబడతాయి. చేతికొచ్చే పంట కోసం మా నాన్నగారు, నేను, తమ్ముడు వంతులు వేసుకుని మంచె మీద పడుకునేవాళ్ళం. వడిసెల, పాత నూనె డబ్బా, టార్చిలైటు మా ఆయుధాలు. మూడో జాములో కునుకు పట్టిందా, తెల్లారేసరికి మొలకలు కొరికేసి ఉండేవి. ఒకసారి వెన్నెలలో మా చేను గట్టు మీద ఒక నల్ల మగజింక మెలికల కొమ్ములెత్తి నిలబడితే నేను డబ్బా కొట్టడం మరిచి చూస్తూ ఉండిపోయాను. ఆ ఉదయం నాన్నగారి చేత పడిన తిట్లు ఇప్పటికీ గుర్తే.

ఈ సంగతి మా అమ్మాయి చేత ముసలాయనకు చెప్పించాను. ఆయన అంతా విని, మీ నాన్న ఎన్నింటిని చంపాడని అడిగాడు. ఒక్కదాన్నీ చంపలేదని, చంపితే జైలని చెప్పాను. ఆయన తల ఊపి, చాలాసేపు నది వైపే చూశాడు. ఇంత నష్టం చేసేవాటిని చూడటానికి మీరెందుకు వచ్చారని నేను అడగలేదు, మా అమ్మాయే అడిగేసింది. ముప్పై ఏళ్ళుగా ప్రతి సెప్టెంబరులోనూ వస్తున్నాననీ, మొదట తీసుకువచ్చింది తన భార్యేననీ చెప్పి, ఖాళీ కప్పు దులిపి ఫ్లాస్కుకు బిగించాడు. ట్రక్కులో ఇంకొక మడత కుర్చీ కూడా ఉంది. అది మడిచే ఉంది.

చీకటి పడుతుండగా పడమట మబ్బు వేసింది. ముసలాయన మమ్మల్ని తొందరపెట్టాడు. అక్కడి మట్టిని వాళ్ళు గంబో అంటారు; తడిస్తే చక్రానికి పట్టుకుని బండిని కదలనివ్వదట. ఆయన దాన్ని వివరించబోతుంటే నేను చేత్తో వారించాను. నల్లరేగడిలో పుట్టినవాడికి ఆ పాఠం అక్కరలేదు. కంకర రోడ్డు మీద ఉన్నంతవరకు భయం లేదని, పక్క దారిలో దిగితే మాత్రం ఎండేదాకా ఎదురుచూడటమేనని నేను అల్లుడికి చెబితే, ముసలాయన మొదటిసారి నవ్వాడు. తిరుగు దారిలో వాన అందుకుంది. లూయిస్‌టౌన్ చేరేదాకా ఫోనుకు సిగ్నలే లేదు.

గదికి వచ్చాక మా తమ్ముడికి ఫోను చేశాను. వాడు ఇప్పటికీ సేద్యం చేస్తున్నాడు, అక్కడ అప్పటికి ఉదయం. అమ్మాయి ఫోనులో రికార్డు చేసిన ఈలను వినిపించి, జంతువు ఎంత ఉంటుందో, కొమ్ములు ఎంత ఉంటాయో, గుంపులు ఎంత పెద్దవో వర్ణించి చెప్పాను. వాడు ఓపికగా అంతా విని, "అన్నా, అది చేన్లో పడితే ఎకరాకు ఎంత పోతుంది?" అని అడిగాడు. ముసలాయనను ఆ మాట అడిగి రావలసింది.